లంకలో అమ్మ, కువైట్‌లో అక్క: నొక్కితే వెలిగే పెట్టె మూడో నమూనాకి సలహాలు కావాలి

లంకబాబు (శనివారం, రాత్రి 9:20)

అందరికీ నమస్కారమండి. మాది కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల దగ్గర గౌతమిలో ఉన్న ఒక లంక. నేను రాజమండ్రిలో ఉద్యోగం చేస్తున్నా. అమ్మ లంకలోనే ఉంటుంది, రమ్మంటే రాదు. అక్క కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. పగలంతా ఫోన్ ముట్టుకునే వీలుండదు, తీరిక దొరికేసరికి ఇక్కడ అర్ధరాత్రి. అమ్మకి చెవులు సరిగా వినపడవు. వీడియో కాల్ అంటే మేడ మీద ఒక్క మూలకే సిగ్నల్ వస్తుంది.

అందుకని మాటలు లేని పెట్టె ఒకటి చేస్తున్నా. అమ్మ నొక్కితే అక్కకి తెలియాలి, అక్క నొక్కితే అమ్మ దగ్గర దీపం వెలగాలి. అంతకు మించి ఏమీ వద్దు.

మొదటి నమూనాలో ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు, తాకితే పనిచేసే సెన్సర్, పాత ఫోన్ హాట్‌స్పాట్. రాజమండ్రిలో బల్ల మీద బ్రహ్మాండంగా పనిచేసింది. లంకలో రాత్రి మంచు పడితే మాత్రం ఎవరూ తాకకుండానే వెలిగేది. ఆ వేళప్పుడు కబురేంటని అక్కకి ఒకటే టెన్షన్. రెండోదానికి 2జీ మాడ్యూల్ పెట్టా. అది పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది, వోల్టేజి పడిపోయి బోర్డు రీసెట్ అయ్యేది. పెద్ద కెపాసిటర్‌తో అది సర్దుకుంది. కానీ సిగ్నలే లేనిచోట ఏ మాడ్యూల్ అయినా ఏం చేస్తుంది?

ఇప్పుడు మూడోది. పాయకి అవతల ఒడ్డున మా మేనమామ ఇల్లుంది, అక్కడ ఫైబర్ ఇంటర్నెట్ ఉంది. మ్యాప్‌లో చూస్తే దాదాపు 3 కిలోమీటర్లు. లంక నుంచి మామయ్య ఇంటికి లోరా రేడియో (తక్కువ కరెంటుతో చిన్న కబుర్లని చాలా దూరం పంపేది), అక్కడి నుంచి ఇంటర్నెట్. మధ్యలో ఏరు, రెండు వైపులా కొబ్బరి తోటలు. ఇది అయ్యే పనేనా?

కాకినాడ రేడియో (శనివారం, రాత్రి 10:05)

అవుతుంది తమ్ముడూ, కొనేముందు మాడ్యూల్ మీద అంకె చూసుకో. మన దేశంలో లోరాకి లైసెన్సు లేకుండా వాడుకునే ఫ్రీక్వెన్సీ పట్టీ 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. పంపే శక్తి 1 వాట్ దాటకూడదు, క్యారియర్ వెడల్పు (ఆ పట్టీలో నీ కబురు ఆక్రమించే చోటు) 200 కిలోహెర్ట్జ్ దాటకూడదు. 125 పెట్టుకుంటే ఏ గొడవా లేదు. పరదేశపు ప్రోగ్రాములు కొన్నిటిలో 250 పెట్టి ఉంటుంది, చూసుకోకుండా ఎక్కించకు. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఎస్‌ఎక్స్1278 చిప్ ఉంటుంది, అది 433 మెగాహెర్ట్జ్ కోసం చేసింది. నీకు ఎస్‌ఎక్స్1276 గానీ ఎస్‌ఎక్స్1262 గానీ కావాలి, బోర్డు మీద 868 అని ఉంటే సరే. ప్రోగ్రామ్‌లో 866కి మార్చుకోవచ్చు.

యాంటెన్నా కూడా దానికి తగ్గదే ఉండాలి. 866 దగ్గర పావు తరంగం అంటే 8.6 సెంటీమీటర్లు. 17 సెంటీమీటర్ల తీగ వచ్చిందంటే షాపువాడు 433ది అంటగట్టాడన్నమాట. యాంటెన్నా బిగించకుండా ఒక్కసారి కూడా పంపకు, చిప్ పోవచ్చు.

ఇక కొబ్బరిచెట్లు. రెండు యాంటెన్నాల మధ్య గీత గీసినట్టు కనిపిస్తే చాలదు. ఆ గీత చుట్టూ దోసకాయ ఆకారంలో కొంత చోటు ఖాళీగా ఉండాలి. దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 3 కిలోమీటర్ల దూరానికి నట్టనడుమ దాని వ్యాసార్థం 16 మీటర్లు. కనీసం 60 శాతం, అంటే దాదాపు 10 మీటర్లు అడ్డం లేకుండా ఉండాలి. నీ అదృష్టం బాగుండి నడుమ ఉన్నది ఏరు. తోటలు చివర్లలో ఉన్నాయి, అక్కడ జోన్ సన్నంగా ఉంటుంది. కాబట్టి యాంటెన్నాలని ఏటివైపు తోట దాటించగలిగితే సగం పని అయినట్టే. దాటించలేకపోతే మట్టల మధ్య మాత్రం పెట్టకు. తడిసిన మట్టలు సిగ్నల్‌ని బాగా మింగుతాయి.

రేవుకాడ (శనివారం, రాత్రి 10:31)

ఇంత తతంగం దేనికండి? మిస్డ్ కాల్ ఇస్తే సరిపోదా? మా ఇంట్లో ఒక రింగయితే "చేరాను", రెండయితే "డబ్బు పంపాను". ఇరవయ్యేళ్లు ఇలాగే నడిపాం. రూపాయి ఖర్చు లేదు.

లంకబాబు (శనివారం, రాత్రి 10:48)

ఆయ్, మేమూ అలాగే నడిపామండి. అమ్మకి రింగు వినపడటం మానేశాకే ఈ పెట్టె. పైగా మిస్డ్ కాల్‌కైనా సిగ్నల్ కావాలి కదా. అక్క మిస్డ్ కాల్ ఇచ్చినప్పుడు అమ్మ ఫోన్ ఆ మూలన లేకపోతే అది రానే రాదు, ఇచ్చినట్టు కూడా తెలియదు.

సెమికోలన్ (ఆదివారం, ఉదయం 7:15)

లంకబాబు గారూ, మీ చివరి వాక్యంలోనే అసలు సమస్య ఉంది. దీపం వెలిగించడం తేలికండి. వెలగనప్పుడు దానికి అర్థం ఏంటో చెప్పడమే కష్టం.

ఒకరోజంతా అక్కయ్యగారికి అమ్మ దగ్గర నుంచి ఏమీ రాలేదనుకోండి. అమ్మ నొక్కలేదా? పెట్టెలో బ్యాటరీ అయిపోయిందా? మామయ్యగారింట్లో కరెంటు పోయిందా? ఈ మూడూ అక్కడ ఒకేలా కనిపిస్తే మీ పెట్టె దిగులు పెంచుతుంది. మీ మొదటి నమూనాలో లేని కబురు వచ్చింది. ఇప్పుడు ఉన్న కబురు రాకపోతే అంతకంటే ఇబ్బంది.

నేనైతే ఇలా చేస్తాను. లంక పెట్టె ఎవరూ నొక్కకపోయినా పది నిమిషాలకోసారి "ఉన్నాను" అని ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. బ్యాటరీ వోల్టేజి కూడా అందులోనే. మామయ్యగారింట్లో గేట్‌వే (రేడియో కబురుని ఇంటర్నెట్‌లోకి ఎక్కించే పెట్టె) దాన్ని అందుకుని ఎంక్యూటీటీలో (చిన్న యంత్రాలు సర్వర్ ద్వారా కబుర్లు పంపుకునే పద్ధతి) సర్వర్‌కి పంపుతుంది. ఎంక్యూటీటీని 1999లో ఎడారిలో నూనె పైపులైన్ల మీద నిఘా కోసం, శాటిలైట్ లింకుల మీద నడిచేలా తయారుచేశారు. లింకు తెగిపోవడం మామూలే అనుకుని రాసిన పద్ధతి కాబట్టి మన లంకలకి అతికినట్టు సరిపోతుంది. అందులో లాస్ట్ విల్ అని ఒక ఏర్పాటుంది. కలిసేటప్పుడే "నేను చెప్పకుండా పోతే ఈ మాట అందరికీ చెప్పు" అని సర్వర్ దగ్గర రాయించి ఉంచొచ్చు. కీప్ అలైవ్ (ఎంతసేపటికోసారి పలకాలన్న గడువు) 60 సెకన్లు పెడితే, దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 90 సెకన్లు అలికిడి లేకపోతే సర్వర్ ఆ మాట బయటపెడుతుంది.

ఒక మెలిక ఉంది. లాస్ట్ విల్ మామయ్యగారి గేట్‌వేకే వర్తిస్తుంది. లంక పెట్టె ఎంక్యూటీటీలో ఉండదు, అది రేడియోలోనే మాట్లాడుతుంది. కాబట్టి లంక పెట్టె మూగబోయిందని కనిపెట్టే బాధ్యత గేట్‌వేది. వరుసగా నాలుగు "ఉన్నాను"లు రాకపోతే అది తనంతట తాను చెప్పాలి.

ఇంకో మాట. పరీక్షల కోసం అందరికీ తెరిచి ఉంచిన ఉచిత సర్వర్ల మీద ఇది పెట్టకండి. అక్కడ అందరి కబుర్లూ ఎవరైనా వినొచ్చు. పెద్దావిడ ఒంటరిగా ఉన్న ఇంట్లో ఎప్పుడు అలికిడి ఉంది, ఎప్పుడు లేదు అన్నది ఊరికి తెలియాల్సిన సంగతి కాదు. పాస్‌వర్డూ, దారిలో ఎవరూ చదవకుండా కాపాడే టీఎల్‌ఎస్సూ తప్పనిసరి. లోరా ప్యాకెట్ కూడా గాలిలో అందరికీ వినపడుతుంది. ఈఎస్‌పీ32 (మీ 8266 తర్వాత వచ్చిన బోర్డు) తీసుకుంటే అందులో ఏఈఎస్ (కబురుని రహస్య లిపిలోకి మార్చే పద్ధతి) ఉంది, వాడండి. ప్రతి ప్యాకెట్‌కీ వరుస సంఖ్య వేస్తే రెండుసార్లు అందినవాటిని పారేయొచ్చు.

చెరువుగట్టు (ఆదివారం, ఉదయం 8:40)

నేను ఇంజనీర్ని కాదండి, రొయ్యల చెరువులు. ఏరేటర్లకి (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) మొబైల్ స్టార్టర్లు పెట్టించి, పెట్టించి నేర్చుకున్నవి రెండు మాటలు చెప్తా.

ఉప్పుగాలికి బోర్డు ఒక్క వర్షాకాలం నిలబడదు, రాగి అంతా పచ్చగా అయిపోతుంది. పెట్టె మూత బిగించాం కదా అనుకుంటాం. పగలు వేడికి లోపలి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడితే తేమని లోపలికి లాక్కుంటుంది. వైర్లన్నీ కింది నుంచే రావాలి, వైరు చుట్టూ నీళ్లు దూరకుండా పట్టే గ్లాండ్ బిగించాలి, వైరు పెట్టెలోకి వెళ్లేముందు కిందికి వంపు తిరిగి ఉండాలి. అప్పుడు నీటిచుక్క వంపు దగ్గరే రాలిపోతుంది. సందులకి సిలికాన్ పూస్తారు కదా, వెనిగర్ వాసన వేసేది అస్సలు వద్దు, ఆ ఆవిరికి రాగి తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి, షాపువాడు ఏదైనా ఒకటే అంటాడు, వినకండి.

తాకే సెన్సర్ పీకి పారేసి కాలింగ్ బెల్ స్విచ్ పెట్టండి. మీ అమ్మగారికి అదెలా నొక్కాలో ఎవరూ నేర్పనక్కర్లేదు.

సాల్మియా రిటర్న్ (ఆదివారం, మధ్యాహ్నం 1:10)

కువైట్‌లో చాలాకాలం డ్రైవర్‌గా చేసి వచ్చానండి. అక్కవైపు ఏం పెడుతున్నారో ఎవరూ అడగలేదు. ఆమె ఉండేది ఒకరింట్లో. వాళ్ల వైఫై పాస్‌వర్డ్ అడిగి, వైర్లు కనపడే పెట్టె ఒకటి గోడకి పెడితే ఇంటివాళ్లు ఊరుకుంటారా? కెమెరా అనుకుంటారు. నేనయితే అలా పంపనివ్వను. విమానంలో తీసుకెళ్లడం ఇంకో తంటా. విడి లిథియం బ్యాటరీ చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే ఉండాలి. అక్కడ చేత్తో చేసిన బోర్డు చూసి స్కానింగ్ వాళ్లు అడిగే ప్రశ్నలకి ఆమె ఏం చెప్తుంది?

రెండు చివర్లూ ఒకేలా ఉండాలని రూలేం లేదు. అక్క చేతిలో ఫోన్ ఉంది, రాత్రి చూసుకుంటుంది. అక్కడ టెలిగ్రామ్ బాట్ (ఆ యాప్‌లో తనంతట తానే మెసేజ్‌లు పంపే ఖాతా) చాలు. అమ్మ ఎప్పుడెప్పుడు నొక్కిందో టైముతో సహా వరసగా ఉంటుంది. తిరుగు కబురుకి బాట్‌లోనే ఒక బటన్. టైము కువైట్ లెక్కలో చూపించండి. మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆ లెక్క వేసుకునే ఓపిక పని అయ్యాక ఎవరికీ ఉండదు.

లంకబాబు (ఆదివారం, రాత్రి 8:55)

అన్నగారూ, ఈ సంగతి నా బుర్రకి తట్టనే లేదు. అక్కకి ఫోన్ చేసి అడిగా. "అమ్మయ్య, పెట్టె పంపుతావేమోనని భయపడ్డా" అంది! బాట్ ఖాయం.

బీటెక్ బాధితుడు (ఆదివారం, రాత్రి 9:30)

బ్రో, లోరా ఎలాగూ పెడుతున్నావు కదా, ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్ ఏటి మీదికి వేలాడదీస్తే వరద మట్టం కూడా వస్తుంది. చిన్న స్క్రీన్ పెట్టు, మెసేజ్‌లు చదువుకోవచ్చు. ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటన్ ఒకటి. మా కాలేజీలో ప్రాజెక్ట్ ఎక్స్‌పోకి ఇస్తే ఫస్ట్ ప్రైజ్ గ్యారంటీ.

కాకినాడ రేడియో (ఆదివారం, రాత్రి 9:52)

ప్రైజు నువ్వు తెచ్చుకో నాయనా, వాళ్లమ్మ మీద ప్రయోగం వద్దు. ఎస్‌ఓఎస్ అని రాసి ఉన్న బటన్‌ని జనం నమ్ముతారు. ఇంట్లో చేసిన ఒకే ఒక్క గేట్‌వే మీద ప్రాణం ఆధారపడకూడదు.

చెరువుగట్టు (ఆదివారం, రాత్రి 10:10)

మాస్టారు చెప్పింది నిజం. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది కూడా దాటిపోయి లంకలు మునిగాయి. నీళ్లొస్తే ముందు పోయేది కరెంటు. ఒడ్డున ఫైబర్ పెట్టె కూడా ఆగిపోతుంది. సరిగ్గా కావలసినప్పుడే పనిచేయని ఎస్‌ఓఎస్ ఎందుకు? వరద కబురుకి కలెక్టరాఫీసు వాళ్లు, ఊళ్లో మైకు ఉన్నాయి.

సెమికోలన్ (సోమవారం, ఉదయం 6:50)

వరదని కొలవక్కర్లేదు, కానీ వరద వస్తే పెట్టె ఏం చెప్తుందో ఆలోచించాలి. అమ్మగారిని పడవలో ఒడ్డుకి తెచ్చేశారు, లంక పెట్టె మూగబోయింది. అక్కయ్యగారి ఫోన్‌లో "లంక పెట్టె పలకడం లేదు" అని వస్తుంది, టీవీలో వరద చూపిస్తుంటారు. ఆవిడ గుండె ఆగిపోతుంది. అందుకని మామయ్యగారి గేట్‌వే మీద ఒక మామూలు స్విచ్ పెట్టండి. వేస్తే బాట్‌లో "అమ్మ మా ఇంట్లో ఉంది" అని రావాలి, అది వేసి ఉన్నంతసేపూ లంక పెట్టె గురించి హెచ్చరికలు ఆగాలి. ఆ మాటని రిటెయిన్డ్ మెసేజ్‌గా (సర్వర్ దాచి ఉంచే చివరి కబురు) ఉంచితే, తర్వాత కరెంటు పోయి గేట్‌వే ఆగిపోయినా సర్వర్ దగ్గర చివరి మాట అదే ఉంటుంది.

రేవుకాడ (సోమవారం, ఉదయం 7:20)

ఈ స్విచ్ బాగుందండి. అయినా ఫోన్ చేసి చెప్తే పోలా అని ఒకపక్క అనిపిస్తూనే ఉంది. సరే, కానివ్వండి.

లంకబాబు (శుక్రవారం, రాత్రి 9:05)

బోర్డులు వచ్చాయి, లంకకి వెళ్లి పరీక్షించా. వసారాలో పెడితే ఒక్క ప్యాకెట్ అందలేదు. ఏటివైపు నీళ్లట్యాంకు మీద పెట్టి, మామయ్య వాళ్ల మేడ మీద రెండోది పెడితే అందుతున్నాయి. ఎస్‌ఎఫ్ అంటే లోరా వేగం అమరిక, అంకె పెరిగితే నెమ్మది, కానీ దూరం పోతుంది. ఎస్‌ఎఫ్7లో సగం పోతున్నాయి, ఎస్‌ఎఫ్10లో దాదాపు అన్నీ వస్తున్నాయి. ఆర్ఎస్ఎస్ఐ (అందిన సిగ్నల్ బలం) మైనస్ 118 అటూ ఇటూ. ఎస్‌ఎఫ్12కి పోవాలా మాస్టారూ?

కాకినాడ రేడియో (శుక్రవారం, రాత్రి 9:40)

వద్దు. ఎస్‌ఎఫ్7లో పది బైట్ల ప్యాకెట్‌కి 40 మిల్లీసెకన్లు పడితే, ఎస్‌ఎఫ్12లో దాదాపు ఒక సెకను పడుతుంది. గాలిలో అంతసేపు ఉంటే బ్యాటరీ దండగ, పక్కవాడికీ అడ్డం. ఎస్‌ఎఫ్10లో పావు సెకను పైచిలుకుతో అయిపోతుంది. మైనస్ 118 దగ్గర ఎస్‌ఎఫ్10కి ఇంకా పది డెసిబెల్స్ దాకా వెసులుబాటు ఉంటుంది. వానలో మట్టలు తడిస్తే అదే అక్కరకొస్తుంది. వసారాలో పెట్టెకి, ట్యాంకు మీది యాంటెన్నాకి మధ్య పొడుగు కేబుల్ మాత్రం లాగకు. ఆ సన్న కేబుల్ ఈ ఫ్రీక్వెన్సీలో మీటరుకి కొంత చొప్పున తినేస్తుంది. రేడియో బోర్డునే ట్యాంకు మీద పెట్టి, స్విచ్‌కీ దీపానికీ మాత్రం వైరు కిందికి దించు.

సెమికోలన్ (శుక్రవారం, రాత్రి 10:15)

ట్యాంకు మీద అంటే సోలార్, 18650 సెల్ (ఛార్జ్ చేసుకునే లిథియం బ్యాటరీ) అన్నమాట. ఒక్క లెక్క చూసుకోండి. ఎస్‌ఎక్స్1276 ఎప్పుడూ వింటూ కూర్చుంటే 10 నుంచి 12 మిల్లీఆంపియర్లు లాగుతుంది. రోజుకి 280 మిల్లీఆంపియర్ అవర్ల దగ్గర. ఈఎస్‌పీ32 కూడా మేలుకుని ఉంటే దానికి కొన్ని రెట్లు. ముసురు పట్టి వారం రోజులు ఎండ రాకపోతే కష్టం. రెండిటినీ నిద్రపుచ్చండి. స్విచ్ నొక్కితే లేవాలి, లేదా పది నిమిషాలకోసారి లేచి "ఉన్నాను" చెప్పి, ఒకట్రెండు సెకన్లు వినాలి. అక్కయ్యగారు పంపింది ఏమైనా ఉంటే గేట్‌వే అప్పుడు అందిస్తుంది. తిరుగు దీపం పది నిమిషాలు ఆలస్యమవుతుంది, అది మీకు సమ్మతమేనా?

లంకబాబు (శుక్రవారం, రాత్రి 10:22)

సమ్మతమేనండి. అక్క కబురు వచ్చేది అమ్మ నిద్రపోయాకే. పొద్దున లేచేసరికి వెలుగుతూ ఉంటే చాలు, అమ్మ స్విచ్ నొక్కేదాకా ఆరకూడదు.

లంకబాబు (ఆదివారం, రాత్రి 8:30)

మూడో నమూనా పెట్టి చాన్నాళ్లయింది, ఎలా నడుస్తోందో చెప్తా. రేడియో భాగంలో తిప్పలు లేవు. తిప్పలన్నీ మనుషుల దగ్గర.

అమ్మ స్విచ్ ఒక్కసారి నొక్కి ఊరుకోవడం లేదు. నొక్కాక ఏమీ జరగడం లేదు కాబట్టి పని చేయలేదనుకుని మళ్లీ, మళ్లీ నొక్కుతోంది. అక్కకి బాట్‌లో వరసగా పదేసి కబుర్లు. మొదట ఎర్ర ఎల్‌ఈడీ పంపుతున్నప్పుడు, పచ్చది గేట్‌వే అందుకున్నాక అని పెట్టా. అమ్మకి ఆ తేడా అక్కర్లేదు, "వెళ్లిందా, వెళ్లలేదా?" అంటుంది. బజర్ వినపడదు. చివరికి స్విచ్ పక్కనే పాత ఫోన్‌లోంచి తీసిన వైబ్రేషన్ మోటారు పెట్టా. గేట్‌వే నుంచి రసీదు వస్తే వేలి కింద జర్రుమంటుంది. రాకపోతే మూడుసార్లు తానే మళ్లీ పంపుతుంది. అప్పటికీ రాకపోతే దీపం టపటపా కొట్టుకుంటుంది. ఇప్పుడు ఒక్కసారి నొక్కి ఊరుకుంటోంది.

అక్కవైపు ఇంకో గొడవ. "పెట్టె బాగానే ఉంది" అని గంటకోసారి బాట్‌లో వచ్చేలా పెట్టా. రెండ్రోజులు చూసి విసుగొచ్చి బాట్‌నే మ్యూట్ చేసేసింది! అసలు కబురు వచ్చినా మోగలేదు.

సెమికోలన్ (ఆదివారం, రాత్రి 9:10)

"ఉన్నాను" అన్నది యంత్రాలు తమలో తాము చెప్పుకునే మాటండి, మనిషి దాకా పోకూడదు. స్థితి మారినప్పుడే పంపండి: ఇంతవరకూ పలికిన పెట్టె పలకడం మానేసింది, లేదా మానేసింది మళ్లీ పలికింది. మిగతా సమయమంతా బాట్ పైన ఒకే ఒక్క మెసేజ్ పిన్ చేసి ఉంచి, "చివరిసారి పలికింది ఫలానా టైముకి" అని దాన్నే మారుస్తూ పోండి. టెలిగ్రామ్‌లో పాత మెసేజ్‌ని సవరిస్తే ఫోన్ మోగదు. ఆవిడకి అనుమానం వస్తే తెరిచి చూసుకుంటుంది.

సాల్మియా రిటర్న్ (ఆదివారం, రాత్రి 9:25)

అమ్మ నొక్కినదానికి మాత్రం మోత ఉండాలి, మిగతాదంతా చప్పుడు లేకుండా. అక్కడ రాత్రి పదకొండుకి ఫోన్ చేతికొచ్చినప్పుడు చదివే ఓపిక రెండు లైన్లకి మించి ఉండదు.

లంకబాబు (సోమవారం, రాత్రి 9:50)

అలాగే మార్చానండి, అక్క మ్యూట్ తీసేసింది. గేట్‌వేకీ ఫైబర్ పెట్టెకీ కలిపి రౌటర్లకి వాడే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొంటున్నా. ఆ స్విచ్‌కి మామయ్య తెల్ల ప్లాస్టర్ అంటించి "చెల్లి ఇక్కడే" అని రాసుకున్నాడు. చెరువుగట్టు గారూ, న్యూట్రల్ క్యూర్ సిలికాన్ అమలాపురంలో ఎక్కడ అడిగినా అదే వెనిగర్ వాసనది చేతిలో పెడుతున్నారు. మీరు ఎక్కడ తీసుకుంటారు?

చెరువుగట్టు (సోమవారం, రాత్రి 10:02)

అల్యూమినియం కిటికీలు బిగించేవాళ్లని అడగండి, వాళ్ల దగ్గర అది ఉండొచ్చు. దొరక్కపోతే చెప్పండి, నా దగ్గర సగం ట్యూబు ఉంది, రావులపాలెం బస్టాండులో అందుకోండి.

కాకినాడ రేడియో (సోమవారం, రాత్రి 10:20)

ఆర్ఎస్ఎస్ఐ, ఎస్ఎన్ఆర్ (రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత ఉందన్న లెక్క) రెండూ గేట్‌వేలో ఫైలుకి రాసి పెట్టు తమ్ముడూ. మొదటి ముసురు పట్టాక ఆ ఫైలు ఇక్కడ పెట్టు. తడి కొబ్బరితోటలో 866 ఎంత పోతుందో నాకూ చూడాలని ఉంది.